తడి ఆరని గది

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. వయసు మీద పడితే అదే చల్లారుతుందిలే అని ఊరడించిన వాళ్ళూ ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, కళ్ళకు శుక్లాలు వచ్చాయి, కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయిన నెల ప్రతాప్ ఆళ్లగడ్డలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతి మళ్ళీ తెలిసింది. ప్రతాప్ మా పెదనాయన మనవడు. నందికొట్కూరు అవతల, కృష్ణ మీది డ్యాము వెనకనీళ్ళ ఒడ్డున ఉన్న మా సొంత ఊళ్ళోనే ఉంటాడు. మనిషి మంచివాడు, నన్ను చూస్తే కాళ్ళకు దండం పెట్టనిదే కూర్చోడు. ఆ రోజు కూడా దండం పెట్టి, కాఫీ తాగుతూ, ఫోనులో ఒక ఫోటో తీసి నా చేతికిచ్చాడు. నీలం రంగు పడవ. పక్కలకు పసుప్పచ్చ చారలు, ముందు కొనకు బంతిపూల దండ.

"గుర్తు పట్టినావా అత్తా? మన పాత ఫైబర్ పడవ. నంద్యాలలో చిన్నతాత, అదే మీ నాయన, బాగుచేసిందే. ఇన్నేండ్లు కల్లంలో బోర్లేసి ఉండె. ఇప్పుడు బోటింగ్ పెడతాండాం. రిబ్బన్ నువ్వే కత్తిరించాల," అన్నాడు.

"బాగుచేయించినారా, రంగేపించినారా?" అని అడిగాను.

"రెండూ ఒకటే గదత్తా."

రెండూ ఒకటే అనే మాట మా వంశంలో తాతల నుంచి వస్తున్న ఆస్తి. పొలాలు పంచుకున్నాం, ఇళ్ళు పంచుకున్నాం, ఇదొక్కటి పంచుకోకుండా ఉమ్మడిగానే వాడుకుంటున్నాం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పడవ ఒక మనిషి ప్రాణం తీసింది. ఆ సంగతి ప్రతాప్‌కు ఆ మనిషి కర్మగానే తెలుసు, అట్లాగే చెప్పి పెంచాం. ఎందుకు తీసిందో తెలిసినవాళ్ళు మా ఇంట్లో ముగ్గురే. అందులో ఇద్దరు పోయారు, మిగిలింది నేను. వస్తానని చెప్పి పంపించాను. ఎందుకు వస్తానన్నానో అప్పటికి నాకూ స్పష్టంగా తెలియదు.

మా నాయన సేద్యం చేసే ఇంట్లో పుట్టి సేద్యం చేయని మనిషి. మద్రాసులో ఎవరి దగ్గరో ఫైబర్ పని నేర్చుకుని వచ్చి, నంద్యాల ఊరి చివర రేకుల షెడ్డు వేసుకున్నాడు. నీళ్ళ తొట్లు, బాత్రూము తలుపులు, చిన్న చిన్న గుళ్ళకు ఊరేగింపు వాహనాలు చేసేవాడు. కొయ్య గరుత్మంతుణ్ణి మోయాలంటే పదహారు మంది కావాలి, మా నాయన గరుత్మంతుణ్ణి ఆరుగురు నవ్వుకుంటూ మోసేవాళ్ళు. షెడ్డు వెనకే మా ఇల్లు. ఫైబర్ పనిలో వాడే రెజిన్ జిగురు వాసన మా అన్నంలో ఉండేది, మజ్జిగలో ఉండేది, పండక్కి కొన్న కొత్త గుడ్డల్లో కూడా ఉండేది. మీ వాసనకు పాలు కూడా తోడుకోవని మా అమ్మ రోజుకొకసారి అనేది. ఫైబర్ పనిలో గాజుపోగుల దుమ్ము ఒంటి మీద పడితే దురద ప్రాణం తీస్తుంది. వేడినీళ్ళు పోసుకుంటే అది ఇంకా లోపలికి దిగుతుంది. అందుకని చలికాలమైనా సరే అమ్మ మా ఇద్దరికీ ముందు రెండు బిందెల చన్నీళ్ళు కుమ్మరించి, ఆ తరువాతే వేడినీళ్ళ దగ్గరికి పోనిచ్చేది. మా గుడ్డలు ఇంట్లో వాళ్ళ గుడ్డలతో కలిపి ఉతికేది కాదు. మైల గుడ్డల కంటే ఘోరంగా కర్రతో ఎత్తి దూరంగా వేసేది.

మా ఇద్దరికీ అన్నాను గదా, నేను ఇంటర్ లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న ఏడు అది. సంబంధాలు చూస్తున్నారు, కుదరడం లేదు. ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందని నేనే షెడ్డులోకి పోయాను. నాయన వద్దనలేదు, రమ్మననూ లేదు. ఒక బ్రష్షు నా వైపు జరిపాడు, అంతే. ఆయన మాటలు తక్కువ. దేన్నైనా రూపాయి బిళ్ళతో తట్టి వినడం ఆయన అలవాటు. తొట్టిని తట్టేవాడు, కుండను తట్టేవాడు, అంగట్లో కలింగర కాయను తట్టేవాడు. ఫైబర్ గట్టిగా ఉన్నచోట బిళ్ళ టంగుమంటుంది, లోపల పొరలు విడిపోయి ఉంటే దబ్బుమంటుంది. ఇప్పుడు నేనుండే వీధిలో శిల్పులు రాయి కొనేముందు సుత్తితో మెల్లగా తట్టి చెవి పెడతారు. ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు వింటే నాకు ఏడుపొచ్చేది. ఎందుకో మా ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

పడవ మా షెడ్డుకు ట్రాక్టరు ట్రాలీలో వచ్చింది. వెనకనీళ్ళు నిండితే మా పెదనాయన చేలు సగం అవతలి గడ్డన చిక్కుకుపోయేవి. కలుపు తీసే ఆడవాళ్ళను రోజూ అటు దాటించడానికి ఆయన కోస్తా నుంచి ఒక పాత ఫైబర్ పడవ కొని తెచ్చాడు. దానికి ముందొక గది, వెనకొక గది ఉండేవి. గది అంటే మనిషి పోయేది కాదు, నాలుగు వైపులా మూసేసిన పెట్టె. అందులో గాలి తప్ప ఏమీ ఉండకూడదు. పడవ నిండా నీళ్ళు వచ్చినా ఆ రెండు గదుల్లోని గాలి దాన్ని మునగనివ్వదు. ఇది నాయన నాకు చెప్పిన పాఠం. లెక్కల మాస్టరు ఏడాదంతా చెప్పిన లెక్కలు ఎక్కలేదు, ఇది ఒక్కసారికే ఎక్కింది.

ముందు కొన చూసి నాయన నెత్తి కొట్టుకున్నాడు. మందంగా పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్ళీ పసుపు. గీకితే అడుగున నక్షత్రాల్లా విచ్చుకున్న నెర్రెలు, పది పన్నెండు చోట్ల. అమావాస్య అమావాస్యకు పెదనాయన పడవ మీద టెంకాయ కొట్టిస్తున్నాడు. కొయ్య పడవైతే తట్టుకుంటుంది, ఇనుమైతే లెక్కే చేయదు. ఫైబర్ అట్లా కాదు, పైకి చిన్న చుక్క కనబడుతుంది, లోపల అరచేయంత మేర పొర చిట్లిపోతుంది. ఆ చిట్లిన చోట్ల నుంచి నీళ్ళు ముందు గదిలోకి ఊరుతున్నాయి. ఊరిన సంగతి తెలియకుండా పసుపు కప్పేసింది.

"అన్నా, టెంకాయ ఒడ్డున రాయి మీద కొట్టుకోన్నా. పడవ మీద వద్దు," అన్నాడు నాయన, పడవతో పాటు వచ్చిన పెదనాయనతో.

"రాయి మీద కొడితే మొక్కు రాయికి పోతాది. పడవకెట్ల వస్తాది రా?" అన్నాడు పెదనాయన.

నాయన మళ్ళీ పసుపు గీకడానికి వంగాడు.

పని మొదలుపెట్టాం. నెర్రె మీద ఊరికే పూత పూస్తే అది మళ్ళీ విడుస్తుంది. నెర్రె ఎంత దూరం పోయిందో అంత దూరం అరగదీసి, అంచులు వాలుగా చేసి, గాజుపోగుల చాప ముక్కలు చిన్నదాని మీద పెద్దది చొప్పున రెజిన్‌తో పరచాలి. ఒక్కొక్క పొరలో గాలి బుడగ మిగలకుండా బ్రష్షుతో పొడవాలి. అన్నిటికంటే ముందు లోపల తడి ఆరాలి. తడి మీద రెజిన్ గట్టిపడుతుంది గాని పట్టుకోదు. చూడ్డానికి అతికినట్లే ఉంటుంది. వెనక గదిలో కొద్దిగానే నీళ్ళున్నాయి. దాన్ని నేను తీసుకున్నాను. అడుగున బెజ్జం వేసి, లోపలికి కరెంటు బల్బు దించి, పదకొండు రోజులు ఆరబెట్టాను. మూసిన తరువాత సైకిల్ ట్యూబు వాల్వు ఒకటి ఆ బెజ్జానికి బిగించి, పంపుతో మెల్లగా గాలి కొట్టి, అతుకుల మీద అమ్మ తలంటుకని కొట్టిపెట్టిన కుంకుడు రసం పూశాను. ఎక్కడైనా గాలి పోతే నురుగు పొంగుతుంది. ఎక్కడా పొంగలేదు. నాయన చూసి తల ఊపాడు. అమ్మ మాత్రం కుంకుడు కాయలు పడవకు పోశావని తిట్టింది.

ముందు గది కథ వేరు. అందులో ఎవరో స్పాంజి లాంటిది కూరి పెట్టారు. అది నీళ్ళు తాగి తాగి కుళ్ళిపోయింది. బెజ్జం వేస్తే పులిసిన గంజి వాసనతో నీళ్ళు కారాయి. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, కారుతూనే ఉన్నాయి. పైగా వానలు పట్టుకున్నాయి. గది పైకప్పు కోసేసి, స్పాంజి అంతా తవ్వి పారేసి, ఎండ తగలనిచ్చి, మళ్ళీ కొత్తగా మూయాలని నాయన అన్నాడు. నెల పట్టే పని. ఇంతలో పెదనాయన మళ్ళీ వచ్చాడు. అవతలి గడ్డన వేరుశనగ చేలో కలుపు మోకాలెత్తు లేచింది. ఆయన మంచం మీద కూర్చున్నాడు, నాయన కింద కూర్చున్నాడు. మా ఇంట్లో తమ్ముడు అన్న ఎదుట మంచం ఎక్కడు. ఆ ఆచారం గొప్పదని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఇంగా ఆరలేదన్నా," అన్నాడు నాయన.

"నీళ్ళల్లో తిరిగేదానికి తడంటే ఏందిరా భయం? మీద కొట్టేది కొట్టి బేగా పంపీ. రంగు మటుకు బాగా వెయ్."

"అతుకు పట్టదన్నా."

"చిన్నోడా, నాకు నేర్పిస్తాండావా?"

అంతే. నాయన లేచి షెడ్డులోకి వచ్చాడు. నేను తలుపు చాటు నుంచి అంతా విన్నాను. ఇప్పుడైనా ఏదో అంటాడని చూశాను. ఆయన హార్డ్‌నర్ అనే గట్టిపరిచే మందు సీసా తీసి చుక్కలు లెక్కపెట్టి రెజిన్‌లో కలిపాడు. బ్రష్షు నా వైపు జరిపాడు. తడిగదిని మూసిన ఆఖరి చాప నా చేతులతోనే పరిచాను. వద్దని నేనూ అనలేదు. ఇంత కోపమున్న దాన్ని, ఆ రోజు ఆ కోపం ఏ గంగలో కలిసిందో. పైన నీలం రంగు వేశాక పడవ పెళ్ళికూతురులా ఉంది. పైన పటారం, లోన లొటారం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఒడ్డున పూజకు మేమూ పోయాం. కలుపుకు పోయే ఆడవాళ్ళు సద్దిమూటలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఈరమ్మ అని ఒకామె ఉండేది, నోటికి అడ్డు లేని మనిషి. ఎప్పుడు చూసినా వక్క నములుతూ, ఎవరినో ఒకరిని ఎగతాళి చేస్తూ ఉండేది. ముందు బల్ల ఎప్పుడూ తనదే, అక్కడైతే గాలి బాగా కొడుతుందనేది. నన్ను చూసి నవ్వింది.

"ఏం పాపా, నువ్వూ చేసినావంట గదా పని. మునగదు గదా?"

"మునగదులే," అన్నాను.

ఆ మాట అన్న నోరు ఇదే. ఇన్నేళ్ళుగా దీంతోనే అన్నం తింటున్నాను.

మూడు వారాలకు పోయింది ఆ మనిషి. సాయంత్రం పని ముగించుకుని వస్తున్నారు. గాలి లేచింది. ముందు అతుకు ఎప్పుడు విడిచిందో ఎవరికీ తెలియదు, గది నిండా నీళ్ళు చేరి పడవ ముందుకు వాలి ఉంది. అల ఒకటి ముందు కొన మీదుగా వచ్చి పడింది, దాని వెనక ఇంకొకటి. పడవ నిండిపోయి ముక్కు కిందికి దించింది. వెనక భాగం మాత్రం నీళ్ళపైన తేలుతూ నిలిచింది. తొమ్మిదిమంది దాన్ని పట్టుకుని వేలాడి బతికారు. ముందు బల్ల మీదున్న ఈరమ్మ మరుసటి రోజు దొరికింది. పెదనాయన ఊరందరి ముందూ, "దాని కర్మ. పడవకేం కాలేదు, చూడండి, తేలుతానే ఉంది," అన్నాడు. ఆ వచ్చే అమావాస్యకు ఒకటి కాదు, రెండు టెంకాయలు కొట్టించాడు. ఎక్కడ కొట్టించాడో చెప్పనక్కర్లేదు.

నాయన ఆ తరువాత పడవ ముట్టలేదు. నీళ్ళ తొట్లూ, గరుత్మంతులూ చేసుకుంటూ బతికాడు. ఆ సంగతి ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. నేను పెళ్ళయి ఆళ్లగడ్డకు వచ్చాక ఒకసారి గట్టిగానే అడిగాను, ఆ ఇంటికి పోయి నిజం చెప్పకూడదా అని. చేయి కడుక్కుని బయటికి పోయాడు. ఆయన పోయినప్పుడు అందరూ ఏడ్చారు. నేను పెద్దగా ఏడవలేదు. తండ్రి మీద ఇంత కోపమేమిటని మా అమ్మ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

రిబ్బన్ రోజున నేను తొలి బస్సులో నంద్యాల పోయి, అక్కడి నుంచి నందికొట్కూరు పోయి, అందరికంటే ముందే ఒడ్డుకు చేరాను. ఇప్పుడక్కడ షామియానా ఉంది, మైకు ఉంది, గుండె గుర్తులో కట్టిన బెలూన్లున్నాయి. పడవ దగ్గర ఎవరూ లేరు. ముందు కొన నిండా పసుపు. కొంగుతో తుడిచాను. కొత్త నెర్రెలు, కొత్త నక్షత్రాలు. వాటిలో కార్ల సొట్టలకు పూసే పుట్టీ నింపి రంగు కొట్టారు. పర్సులో నుంచి రూపాయి బిళ్ళ తీసి ముందు గది పొడుగునా తట్టాను. దబ్బు, దబ్బు, దబ్బు. వెనక్కి పోయి చూశాను. నేను ఆరబెట్టి మూసిన గదికి పైన చదరంగా కోసి, మూత పెట్టి, తాళం వేశారు. ప్రతాప్ అప్పుడే వచ్చాడు.

"అది కొత్త ఐడియా అత్తా. లైఫ్ జాకెట్లన్నీ దాంట్లో పెట్టినాం. పోకుండా తాళమేసినాం," అన్నాడు, మెచ్చుకుంటానని.

మునగకుండా కాపాడే గదిని కోసి, మునిగితే కాపాడే జాకెట్లు అందులో దాచి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు మా వంశోద్ధారకుడు. మా పెదనాయన చదువుకోలేదు. వీడు ఇంజనీరింగ్ చదివాడు. అప్పుడు తెలియకపోతే చెప్పేవాడొకడు షెడ్డులో ఉన్నాడు, ఇప్పుడు అడిగితే చెప్పడానికి చేతిలో ఫోనుంది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందయ్యా అంటే, అప్పుడు కూలికి పోయేవాళ్ళు ఎక్కేవాళ్ళు, ఇప్పుడు టిక్కెట్టు కొని పిల్లలతో ఎక్కుతారు. ఈ పడవ నీళ్ళల్లోకి దిగకూడదన్నాను. ఎందుకో చెప్పాను, గదుల సంగతి, తడి సంగతి, టెంకాయల సంగతి. ఓపిగ్గానే విన్నాడు.

"ఆడ లోపల ఎవురు చూస్తారత్తా? అందరూ వచ్చేస్తాండారు. ఈ నెల నడిపి, వచ్చే నెల ఎవురికన్నా చూపిస్తాం," అన్నాడు.

పూజకు ఇంకా గంట ఉంది. నేను ఊళ్ళోకి నడిచాను. ఈరమ్మ కూతురు లక్ష్మీదేవి ఇల్లు కాలనీలో రెండో వరుస. నా ఈడుదే. వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను గుర్తు పట్టి పీట వేసింది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. ముందు గది తడిగా ఉండగానే మా నాయన మూశాడని, ఆఖరి చాప నేనే పరిచానని, మునగదని మీ అమ్మకు చెప్పింది కూడా నేనేనని చెప్పాను. ఆమె చింతపండు చేతిలోనే పెట్టుకుని విన్నది.

"తెలుసమ్మా," అన్నది. "మీ నాయన అప్పుడే చెప్పిపాయె. దినాలు కూడా కాలేదు. మా నాయన కాళ్ళకాడ కూసుని, తడి మీదనే మూసినానప్పా, తప్పు నాది అన్యాడు."

అప్పుడు పీట మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆయన చెప్పలేదని కదా నా కోపం.

"మరి మీరెందుకు నోరు మెదపలేదు లక్ష్మీదేవీ?"

"మెదిపితే పడవ ఆగిపోతాది. పడవ ఆగితే ఆ ఏడు కూలి యాడిది? అమ్మ పోయిన పదైదో రోజు నేను అదే పడవెక్కి కలుపుకు పోతి. ఎనక పక్క కూసోండి, అది మా పాప బాగా ఎండబెట్టి మూసింది, అని చెప్పినాడు మీ నాయన. అందరం ఎనకనే ఇరుక్కుని కూసుంటాంటిమి. ముందర పైకి లేస్తాందని మీ పెదనాయన తిట్టేటోడు."

నాయన మీది కోపం పోయిందేమో అని నన్ను నేను వెతుక్కున్నాను. పోలేదు. ఆయన వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చోగలిగాడు, అన్న ఎదుట నిలబడలేకపోయాడు. ఎక్కడ కూర్చోవాలో చెప్పాడు గాని ఎక్కవద్దని చెప్పలేదు. అయినా ఇంట్లో ఎవరికీ చెప్పుకోకుండా ఆ కంచం ముందు నుంచి ఎన్నిసార్లు లేచిపోయాడో తలుచుకుంటే, అప్పుడు రాని ఏడుపు లక్ష్మీదేవి వాకిట్లో వచ్చింది. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పని ఆమెకేముంది?

ఒడ్డుకు తిరిగి వచ్చేసరికి జనం నిండారు. ప్రతాప్ కత్తెర నా చేతిలో పెట్టి, మైకు నోటి దగ్గర పట్టాడు. రెండు మాటలు ఆశీర్వదించమన్నాడు. నేను అంతా చెప్పాను. ఈరమ్మ పేరు చెప్పాను, మా పెదనాయన పేరు, మా నాయన పేరు, నా పేరు చెప్పాను. మా వాళ్ళ ముఖాలు తేలు కుట్టిన దొంగల్లా అయ్యాయి. వెనకెవరో మైకు ఆపండి అంటున్నారు. ప్రతాప్ నా చెవి దగ్గర, "అత్తా, ఇంటి పరువు తీస్తాండావు. పడవకేం కాదు, నాది గ్యారంటీ," అన్నాడు.

అతని పిల్లలిద్దరూ కొత్త గుడ్డలతో పడవ పక్కనే ఉన్నారు. చిన్నది అప్పటికే ఒక కాలు పడవ అంచు మీద పెట్టింది.

"సరే రా," అన్నాను మైకులోనే. "నీ పిల్లలిద్దర్నీ ముందర బల్ల మీద కూసోబెట్టు. వాళ్ళు అవతలి గడ్డకు పోయి తిరిగొచ్చేదాకా ఈడనే నిలబడుకుంటా. వాళ్ళు రాంగనే కత్తిరిస్తా."

జనం అతని వైపు చూశారు. అతను పడవ వైపు చూశాడు, తరువాత నా వైపు చూశాడు. నాలుగు అడుగులు వేసి పోయి, పాప రెక్క పట్టుకుని ఒడ్డు మీదికి లాగేశాడు.

కత్తెర బల్ల మీద పెట్టి బస్సుకు నడిచాను.